మలుగు చేపల ఊళ్లో పాత ఇల్లు

హారిస్ పార్క్ స్టేషన్‌లో రైలు దిగి విగ్రమ్ స్ట్రీట్‌లోకి రాగానే పోపు వాసన తగులుతుంది. దోసెల పెనాలు, మిఠాయి కొట్లు, చీరల దుకాణాలు, పప్పులూ పచ్చళ్లూ దొరికే కిరాణా కొట్లు వరసగా ఉంటాయి. సిడ్నీకి పడమటి వైపున్న పరమట్టా నగరాన్ని ఆనుకున్న చిన్న పేట ఇది. ఇక్కడ ఉండేవాళ్లలో దాదాపు సగం మంది మన దేశంలో పుట్టినవాళ్లే. 2023 మేలో భారత, ఆస్ట్రేలియా ప్రధానులిద్దరూ కలిసి ఇక్కడ కట్టబోయే 'లిటిల్ ఇండియా' ముఖద్వారానికి ఫలకం ఆవిష్కరించారు. 2021 జనగణనలో ఆస్ట్రేలియా మొత్తం మీద ఇంట్లో తెలుగే మాట్లాడతామని రాయించుకున్నవాళ్లు 59 వేల పైచిలుకు. వాళ్లలో చాలామంది ఈ చుట్టుపక్కల పేటల్లోనే ఉంటారు. నేనూ వాళ్లలో ఒకదాన్ని.

ఆ పోపు వాసన దాటి తూర్పుకు పావుగంట నడిస్తే అపార్టుమెంట్ల మధ్యలో, చెట్ల చాటున, నేలకు ఒదిగి కూర్చున్నట్టుండే ఒక పాత ఇల్లు కనిపిస్తుంది. అంతస్తు లేదు. కప్పు ముందుకు వాలి వెడల్పాటి వరండాగా మారుతుంది. వరండాలో రాతి పలకలు, లోపల చెక్క నేల, కొలిమంత పొయ్యి ఉన్న వంటిల్లు. దీని పేరు ఎలిజబెత్ ఫామ్. 1793లో కట్టిన వ్యవసాయదారుల ఇల్లు. వలస వచ్చిన ఐరోపావాళ్లు ఆస్ట్రేలియాలో కట్టుకున్న నివాసాల్లో ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది ఇదే. ఒకప్పుడు చుట్టూ పొలాలుండేవి. ఇప్పుడు చుట్టూ నగరం.

మ్యూజియంలంటే తాళ్లు కట్టి 'తాకరాదు' అని బోర్డులు పెడతారు కదా. ఈ ఇంట్లో అలా ఉండదు. లోపలి సామానంతా పాతవాటిని చూసి చేయించినదే కాబట్టి కుర్చీల్లో కూర్చోవచ్చు, పుస్తకాలు తిరగెయ్యవచ్చు, పొయ్యి ముందు నిలబడవచ్చు. అందుకే మా అమ్మ చర్ల నుంచి మొదటిసారి వచ్చినప్పుడు ఆమెను ఇక్కడికి తీసుకొచ్చాను. మోకాళ్ల నొప్పులతో ఎక్కువ నడవలేదు. ఇక్కడైతే వరండాలో కాసేపు కూర్చుంటుందనుకున్నాను.

అమ్మ కూర్చుంది. రాతి పలకను అరచేత్తో నిమిరింది. గోడ కేసి, కప్పు కేసి చూసింది. "ఇన్నేళ్లు ఎంత బాగా నిలబెట్టారు!" అంది. తర్వాత నన్నడిగింది. "ఇది కట్టకముందు ఇక్కడ ఎవరుండేవాళ్లమ్మా?"

ఆ ప్రశ్న మా అమ్మకు ఎందుకొచ్చిందో నాకు తెలుసు. అది చెప్పాలంటే మా ఊరి సంగతి కొంత చెప్పాలి.

మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల. తెలంగాణకు ఆ కొస, ఛత్తీస్‌గఢ్‌కు ఈ కొస. మా దగ్గర గోదావరిలో కలిసే తాలిపేరు నది పైనుంచి, బస్తర్ అడవుల నుంచి, బాసగూడ పక్కగా వస్తుంది. ఆ బాసగూడ దాటితే తర్రెం. ఇప్పటి లెక్కలో బీజాపూర్ జిల్లా. నా చిన్నప్పుడు ఆ వైపు ఊళ్లవాళ్లు కాలిబాటన చర్ల సంతకు వచ్చేవాళ్లు. చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు తెచ్చి ఉప్పు, బట్టలు, ఎండుచేపలు పట్టుకెళ్లేవాళ్లు. వాళ్లలో ఒక పెద్దాయన మా తాతకు స్నేహితుడు. పేరుతో ఎవరమూ పిలిచేవాళ్లం కాదు. మాకందరికీ ఆయన 'తర్రెం తాత'. సంత నాటి రాత్రి మా పంచలో పడుకుని తెల్లారి వెళ్లేవాడు.

2005 తర్వాత ఆ అడవుల్లో చెలరేగిన ఘర్షణల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలమంది అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చి తలదాచుకున్నారు. తర్రెం తాత కూడా సంత రోజు కాని రోజున, కావడి లేకుండా, పిల్లలతో మా పంచకు వచ్చాడు. ఆ తర్వాత వెనక్కి వెళ్లలేదు. తర్రెం పేరు పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వచ్చింది 2021 ఏప్రిల్‌లో, ఆ అడవిలో జరిగిన కాల్పుల్లో 22 మంది భద్రతా సిబ్బంది చనిపోయినప్పుడు. అప్పటికి మా తర్రెం తాత లేడు. ఉన్న రోజుల్లో ఆయన మా అమ్మతో ఒక మాట అనేవాడు: ఇల్లు మట్టి, కర్ర, తాటాకు కనుక కలిసిపోయి ఉంటుంది, ఇప్పచెట్టును చూస్తే మాత్రం చోటు గుర్తుపడతానని.

కాబట్టి ఎక్కడైనా పాత ఇల్లు కనిపిస్తే మా అమ్మకు ముందు గుర్తొచ్చేది నిలవని ఇల్లే. ఆ రోజు వరండాలో ఆమెకు నేను చెప్పగలిగిన జవాబు చాలా చిన్నది. అప్పటికి నాకే తెలియదు. తర్వాత కొన్నేళ్లు చదివి, అడిగి తెలుసుకున్నది ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ముందు ఇల్లు కట్టినవాళ్ల సంగతి. 1788 జనవరి 26న బ్రిటన్ నుంచి ఖైదీలనూ సైనికులనూ ఎక్కించుకున్న మొదటి నౌకాదళం సిడ్నీ రేవులో దిగింది. అక్కడి నేల ఇసుక. గోధుమ పండలేదు. ఓడల్లో తెచ్చిన తిండి తరిగిపోతోంది. గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ నది వెంట లోపలికి వచ్చి, నీరూ సారవంతమైన మట్టీ ఉన్న చోటు చూసి, అదే ఏడాది నవంబరులో రోజ్ హిల్ అని పేరు పెట్టి కొత్త ఊరు మొదలుపెట్టాడు. అదే నేటి పరమట్టా. జేమ్స్ రూస్ అనే ఖైదీకి శిక్షాకాలం ముగిశాక ఎకరంన్నర నేల, ఒక గుడిసె ఇచ్చి, ఒక మనిషి ఈ నేల మీద తన తిండి తాను పండించుకోవడానికి ఎంతకాలం పడుతుందో చూద్దామన్నారు. 1791 ఫిబ్రవరికల్లా రూస్ ఇక సర్కారు తిండి తనకు అక్కర్లేదన్నాడు. దాంతో 30 ఎకరాలు అతనికి దక్కాయి. ఈ దేశంలో భూమి పట్టాల కథకు అదే మొదలు. 1793లో రూస్ ఆ పొలాన్ని 40 పౌండ్లకు సర్జన్ జాన్ హారిస్‌కు అమ్మేశాడు. మన దోసెల పేటకు హారిస్ పార్క్ అన్న పేరు ఆ డాక్టరు వల్ల వచ్చిందే. అతను తర్వాత కట్టించిన ఇల్లు ఎక్స్‌పెరిమెంట్ ఫామ్ కాటేజీ కూడా ఇక్కడే భద్రంగా ఉంది.

అదే 1793లో, పక్కనే, జాన్ మకార్థర్ అనే సైన్యాధికారికి 100 ఎకరాలు దక్కాయి. ఆ భూమికి భార్య పేరు పెట్టుకున్నాడు. ఎలిజబెత్‌ది ఇంగ్లండులో డెవన్ ప్రాంతపు పల్లె. 1790లో చంటిబిడ్డను ఎత్తుకుని రెండో నౌకాదళంతో వచ్చింది. దారిలో సముద్రం మీద పుట్టిన ఆడబిడ్డ దక్కలేదు. కొత్త ఇల్లు ఇటుకలతో కట్టారు. 68 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు, నాలుగు గదులు, కింద ఒక నేలమాళిగ. వంటిల్లు విడిగా. మొదటి 50 ఎకరాలు చదును చేసి సాగులోకి తెచ్చినందుకు ఇంకో 100 ఎకరాలు ఇచ్చారు. ఇక్కడివాళ్లు అప్పటిదాకా గుద్దళ్లతో, పారలతోనే నేలను తవ్వుతున్నారు. ఈ ప్రాంతంలో మొదట నాగలి దిగింది మకార్థర్ పొలంలోనే. ఆ పని చేసిన చేతులు మాత్రం ఖైదీలవి. ముప్పై నలభై మంది ఈ పొలంలో పనిచేసేవాళ్లని ఎలిజబెత్ ఇంటికి రాసిన ఉత్తరంలో ఉంది.

మకార్థర్ పేరు ఆస్ట్రేలియా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది గొర్రెల వల్ల. ఆ గొర్రెల కథలో తొలి అడుగు మన వైపుదే. 1794లో అతను కలకత్తా నుంచి వచ్చిన 60 బెంగాల్ గొర్రెలను, వాటి పిల్లలను కొని ఐర్లండు జాతి గొర్రెలతో కలిపి పెంచాడు. బెంగాల్ గొర్రెకుండేది ఉన్ని కాదు, వెంట్రుక. ఆ సంకరంలో ఉన్ని పాలు పెరగడం చూసి అతనికి దారి కనపడింది. 1797లో దక్షిణాఫ్రికాలోని కేప్ నుంచి మెరినో గొర్రెలు వచ్చాయి. 1804లో లండన్ దగ్గర కియూలోని రాజుగారి మందలోంచి మరికొన్ని కొన్నాడు. మరుసటేడు అతనికి కౌపాశ్చర్స్ అనే చోట 5,000 ఎకరాలు దక్కాయి. తర్వాతి వందేళ్లలో ఈ దేశం ఉన్ని అమ్మి బతికింది. 1966లో డాలరు నోట్లు వచ్చినప్పుడు రెండు డాలర్ల నోటు మీద మకార్థర్ బొమ్మ, పక్కన మెరినో పొట్టేలు వేశారు.

అయితే ఆ నోటు మీద ఉండాల్సిన ముఖం ఇంకొకటి ఉంది. మకార్థర్ తగువులమారి. 1801లో పై అధికారితో పిస్తోళ్ల ద్వంద్వయుద్ధానికి దిగి విచారణ కోసం ఇంగ్లండుకు పంపబడ్డాడు. 1805 దాకా తిరిగి రాలేదు. 1808 జనవరి 26న సైన్యం గవర్నర్ విలియం బ్లైను పదవి నుంచి దింపినప్పుడు ఆ తిరుగుబాటు వెనుక ఉన్నది అతనే. 1809లో మళ్లీ ఇంగ్లండు వెళ్లి 1817 దాకా అక్కడే చిక్కుకుపోయాడు. రెండుసార్లూ కలిపి పన్నెండేళ్లకు పైగా ఈ ఇంటినీ, పొలాలనూ, గొర్రెల మందలనూ, ఖైదీల పనినీ, లెక్కలనూ, ఉన్ని బేళ్లను ఓడలెక్కించడాన్నీ చూసుకున్నది ఎలిజబెత్. చదువు కోసం సముద్రం దాటిన కొడుకులకు ఉత్తరాలు రాస్తూ, ఆడపిల్లలను పెంచుతూ, మందలో ఏ పొట్టేలును ఏ గొర్రెతో కలపాలో నిర్ణయిస్తూ ఉండేది. మొగుడు దుబాయ్ వెళ్తే ఎవుసం, అప్పులు, పిల్లల పెళ్లిళ్లు ఒంటి చేత్తో ఈదుకొచ్చిన ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు! ఎలిజబెత్ సంగతి చదివినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు. 1834లో భర్త పోయాడు. 1850లో ఆమె పోయింది. పొలానికి ఆమె పేరుండటం న్యాయమే.

ఈ ఇంటి వరండాలో కూర్చున్నప్పుడు నాకు పరాయిగా అనిపించకపోవడానికి కారణం లేకపోలేదు. 'వరండా' అన్న మాట, 'బంగళా' అన్న మాట ఇంగ్లీషులోకి వెళ్లింది మన దేశం మీదుగానే. ఎండ దేశంలో కప్పును ముందుకు దించి నీడ చేసుకోవాలన్న తెలివి ఇంగ్లండు ఇళ్లలో లేదు. ఈ ఇల్లు పెరిగే కొద్దీ వరండా దాని ముఖమైంది. తర్వాత ఆస్ట్రేలియా పల్లె ఇళ్లన్నింటికీ అదే ముఖమైంది. డాక్టర్ హారిస్ సిడ్నీలోని తన తోటలో పెంచడానికి తెప్పించిన జింకలు మన చుక్కల దుప్పులు. బస్తర్ అడవిలో తిరిగేవీ అవే. 1837లో కలకత్తా నుంచి 'కొండ కూలీలు' అని రాసుకున్న ఆదివాసీలను ఇక్కడి గొర్రెల మందల పనికి తెచ్చారు. మనవాళ్లు మొన్నమొన్ననే విమానాల్లో వచ్చారని మనమంతా అనుకుంటాం. కంప్యూటరు చదువులకు నూటయాభై ఏళ్ల ముందే మన అడవుల మనుషుల పాదాలు ఈ నేల మీద పడ్డాయి. ఆ తర్వాత 1901 చట్టంతో ఈ దేశం తెల్లవాళ్లు కానివారికి తలుపు మూసింది. ఏదో ఒక ఐరోపా భాషలో 50 మాటలు చదివి రాయమని పరీక్ష పెట్టి పంపేసేవాళ్లు. 1973లో ఆ విధానం పూర్తిగా పోయింది. విగ్రమ్ స్ట్రీట్‌లో పోపు వాసన ఆ తర్వాతి సంగతి.

ఇక అమ్మ అడిగిన ప్రశ్న. కట్టకముందు ఎవరుండేవాళ్లు?

జవాబు ఊరి పేరులోనే ఉంది. గవర్నర్ పెట్టిన రోజ్ హిల్ పేరు మూడేళ్లు కూడా నిలవలేదు. 1791 జూన్‌లో స్థానికుల మాటనే తీసుకుని పరమట్టా అని మార్చారు. అసలు పలుకు 'బర్రమట్టా'. మలుగు చేపలు వచ్చి చేరే చోటు అని అర్థం. సముద్రపు ఉప్పునీరూ వాగుల మంచినీరూ ఇక్కడే కలుస్తాయి. పాములా సాగే మలుగు చేపలకు అది ఇల్లు. ఆ చేపల చోటు మనుషులే బర్రమట్టగల్ తెగవారు, దారుగ్ ప్రజల్లో ఒక శాఖ. చెట్టు బెరడు ఒలిచి పడవలు చేసుకునేవాళ్లు. ఒడ్డున దుంపలు తవ్వుకునేవాళ్లు. బెరడుతోనే నీడలు కట్టుకునేవాళ్లు. వాన వెలిస్తే, చేప కదిలితే, వాళ్లూ కదిలేవాళ్లు. వాళ్ల ఇల్లు నది పొడవునా ఉన్న నేల మొత్తం. దానికి గోడ లేదు కాబట్టి వచ్చినవాళ్లకు అది ఇల్లుగా కనపడలేదు.

నన్ను అన్నిటికంటే కదిలించిన సంగతి సున్నం. సిడ్నీ తొలి కట్టడాలకు ఇక్కడ సున్నపురాయి దొరకలేదు. మనకు తెలిసిన గుల్ల సున్నమే గతి. నదుల ఒడ్డున, రేవుల పక్కన గుల్లలు గుట్టలుగా పడి ఉండేవి. వందల తరాలుగా అక్కడ కూర్చుని ఆల్చిప్పలు, గవ్వచేపలు తిన్న ఆదివాసులు పారేసిన గుల్లల కుప్పలవి. వాటిని తవ్వి, కాల్చి, సున్నం చేసి ఇటుకల మధ్య పెట్టారు. ఇల్లు లేదనుకున్నవాళ్ల వేల ఏళ్ల భోజనాలు ఈ నగరపు తొలి గోడల్లో ఉన్నాయి.

1789లో మశూచి వచ్చింది. సిడ్నీ చుట్టుపక్కల ఆదివాసుల్లో సగం మంది దాకా దానికే పోయారని అప్పటి గవర్నరుకు వాళ్లే చెప్పారు. మిగిలినవాళ్ల దుంపల నేలల్లో మొక్కజొన్న, గోధుమ లేచాయి. బిజిగల్ తెగకు చెందిన పెముల్వుయ్ అనే యోధుడు పొలాల మీద దాడులు సాగించాడు. 1797 మార్చిలో ఈ పరమట్టా ఊళ్లోనే దాదాపు వంద మందితో సైనికులను ఎదిరించాడు. ఏడు గుండ్లు తగిలి పట్టుబడి, కాలికి సంకెలతో ఆసుపత్రి నుంచి తప్పించుకున్నాడు. 1802లో కాల్చి చంపి, తల నరికి ఇంగ్లండుకు పంపారు. అతని కొడుకు టెడ్‌బరీ మాత్రం ఎలిజబెత్ ఫామ్‌కు వస్తూ పోతూ ఉండేవాడు. చరిత్ర అలా సూటిగా ఉండదు. ఒకే వాకిట్లో భూమి పోగొట్టుకున్నవాడి కొడుకూ, భూమి దక్కించుకున్నవాడూ మాట్లాడుకున్నారు.

పెముల్వుయ్ గురించి చదువుతుంటే నాకు 1910లో బస్తర్‌లో భూమకాల్ తిరుగుబాటు నడిపిన గుండాధూర్ కళ్లముందు మెదిలాడు. అడవిని సర్కారు తనదని గీత గీసుకున్నప్పుడు నేతానార్ ఊరి ధుర్వా మనిషి లేచి నిలబడ్డాడు. దేశాలు వేరు, శతాబ్దాలు వేరు. తగాదా ఒక్కటే. ఈ నేల ఎవరిదో కాగితం చెప్పాలా, కాలిబాట చెప్పాలా?

ఎలిజబెత్ జీవితంలోనే నాకు ఇష్టమైన ఇంకో పుట ఉంది. కొత్తగా వచ్చిన రోజుల్లో, ఇల్లు కట్టకముందు, తోచక విలియం డాస్ అనే యువ అధికారి దగ్గర నక్షత్రాల శాస్త్రం నేర్చుకోబోయింది. అది కష్టమనిపించి మొక్కల శాస్త్రానికి మళ్లింది. ఆ డాస్ పని వేళ నక్షత్రాలు చూసేవాడు. మిగతా వేళల్లో పట్యగరాంగ్ అనే ఆదివాసీ అమ్మాయి దగ్గర ఆమె భాష నేర్చుకునేవాడు. ఆమె చెప్పిన మాటలూ, వాక్యాలూ, ఇద్దరి మధ్య నడిచిన సంభాషణలూ చిన్న నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. ఆ పుస్తకాలు దాదాపు రెండు శతాబ్దాలు ఎవరి కంటా పడకుండా ఉండి 1972లో లండన్‌లోని ఒక గ్రంథాలయంలో బయటపడ్డాయి. ఇవాళ సిడ్నీ తీరపు భాషను మళ్లీ పలకాలనుకునే ఆదివాసీ పిల్లలకు పెద్ద ఆధారం అవే. ఒకమ్మాయి ఓపికగా చెప్పింది. ఒకతను శ్రద్ధగా రాసుకున్నాడు. ఇటుకల ఇల్లు ఎంత నిలిచిందో ఆ కాగితాలూ అంతే నిలిచాయి.

దారుగ్ ప్రజలు అంతరించారనుకుంటే పొరపాటు. పరమట్టాలో గవర్నర్ మక్వారీ 1815లో ఆదివాసీ పిల్లల కోసం ఒక వసతి బడి తెరిచాడు. పిల్లలను తల్లుల నుంచి వేరు చేసే బడి అది. అందులో చదివిన మరియా అనే దారుగ్ అమ్మాయి 1819 పరీక్షలో దాదాపు వంద మంది తెల్ల పిల్లలను దాటి మొదటి బహుమతి తెచ్చుకుంది. 1824లో రాబర్ట్ లాక్ అనే ఖైదీ వడ్రంగిని పెళ్లాడింది. 1831లో తన అన్న కోల్‌బీకి ఇచ్చిన భూమి తనకు రావాలని గవర్నరుకు స్వయంగా అర్జీ పెట్టుకుంది. ఏళ్లు పట్టినా చివరికి ఆ 30 ఎకరాలు సాధించుకుంది. ఆమె సంతతివాళ్లు ఈ చుట్టుపక్కలే ఉన్నారు.

ఇల్లు ఎలా మిగిలిందన్నది కూడా చెప్పాలి. ఎలిజబెత్ తర్వాత భూమి వారసుల చేతులు మారి, 1881లో అమ్ముడుపోయి, ముక్కలై ప్లాట్లుగా విడిపోయింది. ఒక భాగం రోజ్‌హిల్ గుర్రప్పందాల మైదానమైంది. ఇల్లు పాడుబడే దశలో, 1904లో స్వాన్ అనే పెద్ద కుటుంబం దాన్ని కొని బాగు చేసుకుంది. ఆ ఇంటి ఆడపిల్లలు చదువుకున్నవాళ్లు, చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లు. 1968 దాకా కాపాడి ఒక ట్రస్టు చేతికిచ్చారు. ఆనక ప్రభుత్వం తీసుకుని మరమ్మతులు చేయించి 1984లో మ్యూజియంగా తెరిచింది. 1805లో నాటిన ఆలివ్ చెట్టు ఇప్పటికీ తోటలో ఉంది. దేశంలో అన్నిటికంటే పాత ఆలివ్ చెట్టు అదేనంటారు. ఏ పాత ఇల్లైనా తనంతట తాను నిలవదు. రోజూ ఊడ్చేవాళ్లుండాలి, కప్పు కారితే నిచ్చెన వేసేవాళ్లుండాలి.

ఇంటిని కాపాడటం నేర్చుకున్న దేశం, ఇంటికి ముందు ఉన్నవాళ్లను గుర్తించడానికి ఇంకా ఎక్కువ కాలం తీసుకుంది. 1967లో ప్రజాభిప్రాయ సేకరణలో 90 శాతానికి పైగా ఓటర్లు, ఆదివాసులను జనాభా లెక్కలో కలపాలనీ, వాళ్ల కోసం కేంద్రం చట్టాలు చేయగలగాలనీ ఒప్పుకున్నారు. అప్పటికీ న్యాయస్థానాల దృష్టిలో 1788 నాటి ఆస్ట్రేలియా ఎవరికీ చెందని నేలే. ఉత్తరాన ముర్రే దీవికి చెందిన ఎడీ మాబో, మరి కొందరు 1982లో కోర్టుకెళ్లారు. మా తోటల హద్దులు మాకు తెలుసు, తాతల నుంచి మాకు వచ్చాయి అని చెప్పారు. 1992 జూన్ 3న హైకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ఇక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు లాంటిది. తీర్పు వినడానికి మాబో లేడు. ఆ ఏడాది జనవరిలోనే చనిపోయాడు. ఇవాళ మా పాప బడిలో ఏ సభ మొదలైనా ముందు ఈ నేల దారుగ్ ప్రజలదని, వాళ్ల పెద్దలకు నమస్కారమని చెబుతారు. ఆ మాటతో పోయిన భూమి తిరిగి రాదు. కానీ ఆరేళ్ల పిల్లకు తన బడి కింద ఎవరి నేల ఉందో తెలుసు. నాకు ఆ వయసులో చర్ల నేల గురించి ఎవరూ అలా చెప్పలేదు.

మన దగ్గరా దారి లేకపోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నిబంధనల్లో, భూమి తమదని చూపడానికి పట్టా కాగితమే కావాలని లేదు. పాత గుడిసె ఆనవాళ్లు, బావి, శ్మశానం, దేవుడి చోటు కూడా సాక్ష్యాలే. పెద్దలు చెప్పిన మాటను రాసి ఇస్తే అదీ సాక్ష్యమే. పట్యగరాంగ్ చెబుతుంటే డాస్ రాసుకున్నట్టుగా ఎవరైనా కూర్చుని రాయాలి. ఆ పని ఎవరు చేస్తారన్నదే ప్రశ్న. అడవి నుంచి వచ్చినవాళ్లలో తాతలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. పిల్లలు మన ఊళ్లలో పుట్టారు. వాళ్లు తాత ఊరిని చూడలేదు.

ఇదంతా నేను రెండేళ్ల కిందట ఫోన్లో ముక్కలు ముక్కలుగా అమ్మకు చెప్పాను. డాస్ నోటుపుస్తకాల దగ్గర అమ్మ నన్ను ఆపింది. "ఆ పిల్ల పేరేమన్నావు?" అని మళ్లీ అడిగింది. పట్యగరాంగ్ అని విడమరిచి చెప్పాను. ఆమె ఇంకేమీ అనలేదు.

మొన్న సంక్రాంతికి చర్ల వెళ్లినప్పుడు దేవుడి గూటి పక్కన ఒక రెండొందల పేజీల నోటుపుస్తకం కనిపించింది. అమ్మ చేతిరాత. తర్రెం తాత పెద్ద కూతుర్ని కూర్చోబెట్టుకుని, కొన్ని మధ్యాహ్నాలు, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసింది. ఇంటి ముందు వాగు ఏ వైపు వంగుతుంది, ఎవరి ఇల్లు ఎవరి పక్కన, పండగకు ఎక్కడ చేరేవాళ్లు, చనిపోయినవాళ్ల రాళ్లు ఏ గట్టు మీద ఉన్నాయి, విత్తనాలు ఎక్కడ దాచేవాళ్లు. కోయ మాటలకు పక్కన తెలుగులో అర్థం. కొన్నిటికి తనకు తెలుగు మాట దొరకలేదని ఖాళీ వదిలింది. మొదటి పేజీలో ఒక చెట్టు బొమ్మ, దాని కింద 'ఇప్పచెట్టు, ఇంటికి తూర్పున' అని రాసి ఉంది.

ఆ పుస్తకం చూసి వచ్చాక నేను ఒక పద్ధతి మార్చుకున్నాను. ఊరి నుంచి ఎవరైనా చుట్టాలు సిడ్నీ వస్తే ఎలిజబెత్ ఫామ్‌కు ఇప్పటికీ తీసుకెళ్తాను. కాకపోతే తిన్నగా కాదు. ముందు పరమట్టా నది ఒడ్డుకు తీసుకెళ్లి, ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట కాసేపు నిలబెట్టి, మలుగు చేపల సంగతీ ఆ చేపల మనుషుల సంగతీ చెబుతాను. ఆ తర్వాతే ఇల్లు. వరండాలో కూర్చున్నాక వాళ్లు అడుగుతారు, ఎంత పాతదని. 1793 అని చెబుతాను. అది ఇటుకల వయసు మాత్రమేనని వాళ్లకు అప్పటికే తెలుసు.